మీకొక్కరికేనా, అందరికీనా?

ఉదయం తొమ్మిదిన్నర దాటాక మా సపోర్ట్ డెస్క్‌కు వచ్చే మొదటి ఫోన్ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "అన్నా, మీటింగ్ ఓపెన్ అవట్లేదు. పదింటికి క్లయింట్ కాల్." గొంతులో కంగారు ఉంటుంది, వివరం ఉండదు. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా ఈ ఫోన్లు ఎత్తుతున్నాను. మొదట్లో నేనూ కంగారుపడిపోయి "లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వు, కాకపోతే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్" అని నోటికొచ్చిన మందు చెప్పేవాణ్ని. ఇప్పుడు ఒక్కటే అడుగుతాను: "నీకొక్కడికేనా, పక్క సీటువాళ్లకి కూడానా?"

ఈ ప్రశ్నతో సగం పని అయిపోతుంది. పక్కవాళ్లకి వస్తోందంటే తప్పు నీ మెషీన్లోనో నీ అకౌంట్లోనో ఉన్నట్టు. ఎవరికీ రావట్లేదంటే నువ్వు ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఒరిగేదేమీ లేదు. తర్వాతి ప్రశ్న, "యాప్ వదిలేసి బ్రౌజర్‌లో తెరువు, వస్తోందా?" ఆ తర్వాతిది, "ఆఫీసు వైఫై తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టు, ఇప్పుడు?" ఒక్కో ప్రశ్నకీ అనుమానితుల్లో సగం మంది ఇంటికి వెళ్లిపోతారు. పొలంలో పైపు ఎక్కడ పగిలిందో తెలియనప్పుడు లైను మొత్తం తవ్వరు కదా; మధ్యలో ఒకచోట విప్పి, అక్కడిదాకా నీళ్లు వస్తున్నాయా లేదా చూస్తారు. ఇదీ అంతే.

కలిసి పనిచేయడానికి వాడే సాఫ్ట్‌వేర్ల మీద చిట్కాలకు కరువు లేదు. ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో, నిమిషం వీడియోల్లో రోజుకు పది దొరుకుతాయి. వాటిలో చాలావరకు మంచివే. వాటికి ఉన్న ఒకే ఒక్క లోపం, కారణం జతచేసి ఉండకపోవడం. క్యాష్ క్లియర్ చెయ్యమంటారు, ఏ జబ్బుకో చెప్పరు. దాంతో కీబోర్డు పనిచేయకపోయినా క్యాష్ క్లియర్ చేసేవాళ్లు తయారయ్యారు. కాబట్టి ఇక్కడ చిట్కాల జాబితా ఇవ్వబోవడం లేదు. ఈ పరికరాలు ఎక్కడెక్కడ, ఎందుకు మొరాయిస్తాయో ఒకసారి చుట్టివచ్చి, తెలిసిన చిట్కాలను వాటి కారణాల పక్కన కూర్చోబెట్టే ప్రయత్నం ఇది.

ముందు కొంచెం వెనక్కి. ఆఫీసులో పదిమంది ఒకే సాఫ్ట్‌వేర్‌లో కలిసి పనిచేయడమన్నది కరోనాతో పుట్టలేదు. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద 1973లోనే నోట్స్ పేరుతో ఒక చర్చావేదిక నడిచింది. అక్కడ చదువుకున్న రే ఓజీ ఆ అనుభవంతో రూపొందించిన లోటస్ నోట్స్ 1989లో మార్కెట్లోకి వచ్చింది. చేతులు మారి మారి 2019లో అది మన దేశపు హెచ్‌సీఎల్‌కు చేరింది. అదే 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పత్రం ప్రచురించారు. ఒకే డాక్యుమెంట్లో ఇద్దరు ఒకేసారి రాస్తే ఎవరి అక్షరం ఎక్కడ పడాలి అన్నది దాని ప్రశ్న. ఈరోజు గూగుల్ డాక్స్‌లో పక్కవాడి కర్సర్ రంగురంగులుగా కదులుతుంటే మనం రాసింది చెదిరిపోకుండా ఉండడానికి పునాది ఆ ఆలోచనే. స్లాక్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక ఆన్‌లైన్ గేమ్ తయారుచేస్తున్న బృందం తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక పనిముట్టు చేసుకుంది. ఆట మూతపడింది, పనిముట్టు మాత్రం 2014లో స్లాక్ పేరుతో బయటికొచ్చింది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ 2017లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2019 డిసెంబర్లో రోజుకు కోటి మంది పాల్గొన్న జూమ్ మీటింగుల్లో 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్ల మంది పాల్గొన్నారు. (మొదట జూమ్ వీళ్లను యూజర్లు అంది. ఒకే మనిషి రోజుకు ఐదు మీటింగుల్లో కూర్చుంటే ఐదుగురిగా లెక్కకొస్తాడని గుర్తించి తర్వాత మాట మార్చుకుంది. రోజుకు ఐదు మీటింగుల్లో కూర్చునేవాళ్లకు అది నిజమేననిపిస్తుంది.)

ఈ ముప్పై నలభై ఏళ్లలో అసలు మారింది ఒక్కటే. ఫైలు మన మెషీన్లో ఉండేది, ఇప్పుడు ఎక్కడో ఉంటోంది. దాంతోపాటు తప్పులు కూడా ఊరు మారాయి. ఒకప్పుడు కంప్యూటర్ పాడైతే కంప్యూటర్ పాడైనట్టే. ఇప్పుడు మన లాప్‌టాప్, ఇంటి రౌటర్, సర్వీసు కంపెనీ తీగ, సముద్రం కింది కేబుల్, సర్వర్, దాని ముందు కాపలా ఉండే లాగిన్ వ్యవస్థ, ఇన్ని దాటితే గానీ "గుడ్ మార్నింగ్ టీమ్" అన్న మెసేజ్ అవతలికి చేరదు. ఏ ఒక్కటి తప్పుకున్నా మనకు తెరమీద కనిపించేది ఒకటే, తిరుగుతూ ఉండే సున్నా.

అందరికీ ఆగిపోయిన రోజుల సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ మనం చేయగలిగింది తక్కువ. 2020 ఫిబ్రవరి 3న టీమ్స్ ప్రపంచవ్యాప్తంగా ఆగిపోయింది. కారణం, ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, రెన్యూ చేయడం ఎవరికీ గుర్తులేదు. బండి ఇన్సూరెన్స్ మర్చిపోయే మనకు ఇది వింటే కాస్త ఊరట. 2021 జనవరి 4న, కొత్త సంవత్సరం సెలవుల తర్వాత తొలి పనిరోజున, స్లాక్ పడింది. సెలవుల్లో అందరి మెషీన్లలోని నిల్వ డేటా పాతబడి, తెరవగానే ప్రతి ఒక్కటీ మామూలుకన్నా ఎక్కువ అడగడం మొదలుపెట్టింది. మధ్యలో ఉన్న నెట్‌వర్క్ ద్వారం ఆ రద్దీకి తగ్గట్టు వెంటనే పెరగలేదు. సంక్రాంతి మర్నాడు పంతంగి టోల్‌గేట్ చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. 2023 జనవరి 25న మన మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో టీమ్స్, ఔట్‌లుక్ కలిసి పోయాయి. ఒక రౌటర్ ఐపీ అడ్రస్ మార్చడానికి ఇచ్చిన ఆదేశం మిగతా రౌటర్లన్నిటినీ తమ దారులు మళ్లీ లెక్కేసుకునేలా చేసింది. అమెరికా నిద్రపోతున్న వేళ గనుక వాళ్లకు నొప్పి తక్కువ. మన ఊళ్లో అది నట్టనడి పనివేళ.

ఇలాంటి రోజున చేయాల్సినవి రెండే. మొదటిది, ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటాతో అదే యాప్ తెరవడం. అక్కడా రాకపోతే చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. కంపెనీల స్టేటస్ పేజీ చూడవచ్చు గానీ, అది చాలాసార్లు జనానికి తెలిసిన కాసేపటికి గానీ ఎర్రబడదు. రెండోది ముందే చేసి ఉండాల్సింది. ఇది ఆగిపోతే మనం ఎక్కడ కలుసుకోవాలి అన్నది మామూలు రోజునే తేల్చుకోవాలి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు కనుమరుగైనప్పుడు, సరిచేయాల్సిన ఇంజనీర్లు వాడే లోపలి పనిముట్లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండి వాటితోపాటే మునిగాయి. తాళంచెవి పెట్టె లోపల పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు. మెయిల్ పోతే మెయిల్లోనే సమాచారం పంపే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. పదిమంది ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి గోడకు అతికించడం చాదస్తం కాదు. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ లెక్కప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరకు చిక్కినప్పుడు, శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులను విమానం ఎక్కించింది చేత్తో రాసిన బోర్డింగ్ పాసులే.

ఇక ఎక్కువ రోజుల్లో ఎదురయ్యేది, "నాకొక్కడికే" రకం. దీనికి ప్రపంచమంతా చెప్పే మొదటి మందు రీస్టార్ట్. నవ్వులాటకు చెప్పే మాట అయిపోయింది గానీ దాని వెనక గట్టి తర్కం ఉంది. డేటాబేస్‌ల రంగంలో పెద్ద పేరైన జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగుతాయన్న ప్రశ్న మీద ఒక నివేదిక రాశాడు. బాగా పరీక్షించి వాడుకలోకి వదిలిన సాఫ్ట్‌వేర్లో మిగిలే తప్పుల్లో ఎక్కువ భాగం తాత్కాలికమైనవేనని, మళ్లీ మొదలుపెడితే అవి తిరిగి కనిపించవని అతని వాదన. ఎప్పుడో అరుదుగా రెండు సంఘటనలు ఒకే క్షణంలో తగులుకుంటే పుట్టే చిక్కుముడి అది. విప్పడం కన్నా మొదటికి రావడం తేలిక. క్రౌడ్‌స్ట్రైక్ రోజున క్లౌడ్‌లోని మెషీన్లను పదిహేనుసార్ల దాకా రీస్టార్ట్ చేస్తే కొన్ని లేచాయని మైక్రోసాఫ్టే చెప్పింది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. మా అకౌంట్స్‌లో ఒక మేడమ్ ఉన్నారు, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డవారు. వారం రోజులుగా కాల్‌లో ఆవిడ గొంతు ఎవరికీ వినిపించట్లేదు. వెళ్లి కూర్చున్నాను. "మేడమ్, ఒకసారి రీస్టార్ట్ చేశారా?" అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. "ఏంటి బాబూ, రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసే కదా ఇంటికెళ్తున్నాను? పొద్దున్న ఆన్ చేస్తున్నాను. ఇంకేం రీస్టార్ట్?" నేనేమీ వాదించలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద అప్ టైమ్ అని ఒక అంకె కనిపిస్తుంది. 41 రోజులు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. "అంటే నలభై రోజులుగా ఇది పడుకోలేదా?"

పడుకుంది, కానీ కలలతో సహా గుర్తుపెట్టుకుని లేచింది. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ, విండోస్ గుండెకాయ లాంటి భాగాన్నీ, డ్రైవర్లనూ ఉన్నవి ఉన్నట్టే డిస్కు మీద రాసిపెట్టుకుంటుంది. పొద్దున్నే దాన్నే పరుస్తుంది కాబట్టి గబుక్కున లేస్తుంది. డ్రైవర్‌లో చిక్కుముడి పడితే ఆ ముడి కూడా మర్నాటికి భద్రంగా వస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా తుడిచి మొదటినుంచి మొదలుపెడుతుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా అదే ఫలితం. మేడమ్ గారి మైకు ఆ ఒక్క రీస్టార్ట్‌తో పలికింది. రీస్టార్ట్ చెయ్యమన్న చిట్కా ఆవిడకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలియంది దాని వెనకున్న ఈ నాలుగు వాక్యాలే.

క్యాష్ సంగతీ అంతే. యాప్ త్వరగా తెరుచుకోవడానికి పాత సమాచారం కొంత మన దగ్గరే దాచుకుంటుంది. దాచిందీ, సర్వర్లో ఉన్నదీ పొంతన లేకపోతే పాత ఫొటో కనిపించడం, చదివిన మెసేజ్ చదవనట్టు ఉండడం, పేరు వెతికితే దొరకకపోవడం లాంటివి వస్తాయి. ఆ లక్షణాలకే క్యాష్ తుడవడం మందు. బ్రౌజర్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కితే ఆ పేజీ వరకు కొత్తగా తెస్తుంది. కొత్త టీమ్స్‌కైతే విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రీసెట్ ఉంది. తుడిచే ముందు ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి తెరిచి చూడమంటాను. అక్కడ బాగా వస్తే తప్పు క్యాష్‌లోనో, కుకీల్లోనో, మనం ముచ్చటపడి పెట్టుకున్న ఏదో ఎక్స్‌టెన్షన్‌లోనో ఉన్నట్టు. చాలామంది ఇన్‌కాగ్నిటోను గుట్టుగా చూసుకోవడానికే అనుకుంటారు. రోగనిర్ధారణకు అంత మంచి పరికరం ఇంకోటి లేదు.

ఫిర్యాదుల్లో సింహభాగం మాత్రం శబ్దానిదే. బొమ్మ బాగోలేకపోయినా మీటింగ్ నడుస్తుంది, మాట వినపడకపోతే నడవదు. ఇక్కడ జనానికి తలకిందులుగా అర్థమయ్యేది ప్రతిధ్వని. "నా గొంతు నాకే వినిపిస్తోంది, నా మైకు పాడైంది" అని ఫోన్ చేస్తారు. వాళ్ల మైకు నిక్షేపంగా ఉంటుంది. వాళ్ల మాట అవతల ఎవరి స్పీకర్లోంచో బయటికొచ్చి, ఆ అవతలివాళ్ల మైకులోనే దూరి తిరిగి వస్తోంది. ఎవరికి వినిపిస్తోందో వాళ్లు అమాయకులు. ఎవరికి వినిపించట్లేదో వాళ్లే దొంగ. ఒక్కొక్కర్నీ మ్యూట్ చేస్తూ పోతే ఎవరి దగ్గర ఆగుతుందో వాళ్ల స్పీకర్ తగ్గించమనాలి. ఒకే గదిలో ఇద్దరు రెండు లాప్‌టాప్‌లతో చేరి, రెండింటి స్పీకర్లూ ఆన్‌లో పెడితే వచ్చే కూత కూడా ఈ కుటుంబమే. గదిలో ఒకే యంత్రానికి నోరూ చెవీ ఉండాలి.

ఇంకో చిక్కు, ఖరీదైన బ్లూటూత్ హెడ్‌ఫోన్. పాటలు వింటే స్టూడియోలో ఉన్నట్టుంటుంది, మీటింగ్‌లో చేరగానే రేకుడబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. మోసపోయామనుకుంటారు. మామూలు బ్లూటూత్‌లో పాట వినిపించే దారి వేరు, మాట్లాడే దారి వేరు. మైకు వాడడం మొదలవగానే హెడ్‌ఫోన్ రెండో దారికి మారుతుంది, అది పాతకాలపు ఫోన్ కాల్ కోసం వేసిన ఇరుకు సందు. లాప్‌టాప్‌కున్న మైకునే మీటింగ్ సెట్టింగ్స్‌లో ఎంచుకుని, వినడానికి మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకుంటే శబ్దం మళ్లీ విశాలమవుతుంది. లేదా రెండు మూడు వందల రూపాయల వైరు హెడ్‌ఫోన్ కొనుక్కోవచ్చు. ముఖ్యమైన కాల్‌కు నేను ఇప్పటికీ వైరుదే వాడతాను. చార్జింగ్ గోలా లేదు.

"మీరు మ్యూట్‌లో ఉన్నారు సార్" అన్న మాట మీద జోకులు చాలు గానీ, మ్యూట్ బటన్లు రెండు మూడు ఉంటాయని మాత్రం గుర్తుంచుకోవాలి. యాప్‌లో ఒకటి, హెడ్‌సెట్ తీగకు ఒకటి, కొన్ని లాప్‌టాప్‌ల కీబోర్డు మీద ఇంకోటి. ఒకటి తెరిచి ఇంకోటి మూసి అరగంట మూగాభినయం చేసినవాళ్లను చూశాను.

"వాయిస్ బ్రేక్ అవుతోంది" అంటే నెట్ సంగతి. "నా స్పీడ్ 100 ఎంబీపీఎస్ అన్నా, టెస్ట్ చేశాను" అంటారు వెంటనే. స్పీడ్ టెస్ట్ చెప్పేది రోడ్డు ఎంత వెడల్పో. మాటకు అంత వెడల్పు అక్కర్లేదు, సెకనుకు వంద కిలోబిట్ల లోపే సరిపోతుంది. మాటకు కావలసింది నిలకడ. బస్సులన్నీ పది నిమిషాలకొకటి చొప్పున రావాలి. అరగంట రాకుండా ఒకేసారి మూడు వస్తే ప్రయోజనం లేదు. ఆలస్యమైన మాట ముక్కను యాప్ పారేస్తుంది, అదే మనకు "బ్రేక్" అయినట్టు వినిపిస్తుంది. ఆ నిలకడను ఎక్కువగా చెడగొట్టేది మన ఇంట్లోని వైఫైయే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే. అపార్ట్‌మెంట్లో ముప్పై ఫ్లాట్లుంటే ముప్పై రౌటర్లూ ఆ మూడింటిలోనే కుక్కుకోవాలి. మైక్రోవేవ్ ఒవెన్ కూడా అదే పౌనఃపున్యం దగ్గర పనిచేస్తుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంట్లో అన్నం వేడిచేసినప్పుడల్లా కాల్ తెగుతోందంటే అది కాకతాళీయం కాకపోవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే ఈ రద్దీ ఉండదు గానీ అది గోడలు దాటడంలో బలహీనం. రౌటర్ హాల్లో టీవీ వెనక, మనిషి చివరి పడగ్గదిలో ఉంటే రెండూ అంతంతమాత్రమే. పదిహేను మీటర్ల లాన్ కేబుల్ తీసే తలనొప్పి ఏ ఖరీదైన రౌటరూ తీయదు. కొందరైతే నెట్ తడబడ్డప్పుడల్లా రౌటర్ ఆపి ఆన్ చేస్తారు, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

కొన్ని ఆలస్యాలకు మందు లేదు కూడా. డల్లాస్‌లో ఉన్న సహోద్యోగితో మాట్లాడుతుంటే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి "మీరు చెప్పండి" అంటారు. హైదరాబాద్ నుంచి అక్కడికి తిన్నగా కొలిచినా 14,000 కిలోమీటర్ల పైమాటే. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. వెళ్లడానికే 70 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, పైగా కేబుళ్లు తిన్నగా పోవు. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ ఇబ్బందిపడుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ప్రమాణం. 2025 సెప్టెంబర్లో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు మన ట్రాఫిక్ చుట్టుదారిన పోయింది, ఆలస్యం ఇంకా పెరిగింది. అలాంటప్పుడు మాట్లాడాక ఒక లిప్తపాటు ఆగడమే పరిష్కారం. ఆ పాటి ఆగడం మనవాళ్లకు కష్టమే.

లాగిన్ తంటాల్లో ఒక్కదాని మీదే ఆగుతాను. ఫోన్లో అథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ సరిగ్గానే కొడుతున్నా తప్పంటోంది. ఆ కోడ్ ఎక్కడినుంచీ రాదు. ఫోన్, సర్వర్ రెండూ ఒకే రహస్యాన్ని దగ్గర పెట్టుకుని, గడియారం చూసి 30 సెకన్లకొకసారి విడివిడిగా లెక్కకడతాయి. ఫోన్ గడియారం రెండు మూడు నిమిషాలు పక్కకు జరిగితే ఇద్దరి లెక్కా కలవదు. టైమ్‌ను ఆటోమేటిక్‌లో పెడితే చాలు. ఇదే కోవలోది పాత డెస్క్‌టాప్. ఏ సైటు తెరిచినా మీ కనెక్షన్ సురక్షితం కాదంటుంది. మూల చూస్తే తేదీ ఎన్నో ఏళ్ల వెనక ఉంటుంది. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. కొత్తది కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. అయితే కొత్త ఫోన్ కొని పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాక "కోడ్ రావట్లేదు" అనేవాళ్లకు మాత్రం ఐటీ వాళ్ల కాళ్లు పట్టుకోవడం తప్ప దారి లేదు. ముందు రెండు ఫోన్లూ చేతిలో ఉండగా మార్చుకోవాలి.

ఫైళ్ల దగ్గర కొట్లాటలు ఎక్కువ. "నా డేటా ఎవరో తుడిచేశారు" అన్న ఆరోపణతో మొదలవుతుంది. వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కనిపిస్తుంది, పాతదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క సదుపాయం తెలిస్తే ఫైనల్, ఫైనల్ 2, లేటెస్ట్ ఫైనల్ అని పేర్లు పెట్టే అవస్థ ఉండదు. ఒకవేళ ఫైలే తుడుచుకుపోతే గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు, ఆఫీసు వన్‌డ్రైవ్‌లో 93 రోజులు ఉంటుంది. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే సింక్ ఆగిపోతుంది, వన్‌డ్రైవ్‌లో మొత్తం దారి 400 అక్షరాలు దాటకూడదు. జిల్లా, మండలం, సంవత్సరం, నెల, శాఖ అంటూ పూర్తి పేర్లతో ఫోల్డర్లు కట్టే మన అలవాటుకు ఆ 400 తేలిగ్గానే అయిపోతుంది.

తెలుగు వచ్చేసరికి ఇంకో రకం చిక్కులు మొదలవుతాయి. వీటిని మనకు మనమే చెప్పుకోవాలి. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన ఫైలు ఆఫీసులో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. అది అను లాంటి పాత ఫాంటులో కొట్టింది. అందులో తెలుగు అన్నది బొమ్మ మాత్రమే, లోపల నిల్వ ఉన్నది వేరే సంకేతం. ఫాంటు లేనిచోట ముసుగు జారిపోతుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చుకోవాలి. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే చోటు ఉన్నా ప్రెస్సులు ఇంకా అక్కడికి పూర్తిగా రాలేదు. అలాగే తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఫైలు పాడవలేదు, ఎక్సెల్ దాన్ని వేరే లిపిగా ఊహించుకుంది. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 అన్న వరుసను ఎంచుకుంటే తెలుగు తిరిగి వస్తుంది.

ఇంకోటి నన్ను ఒక పూటంతా తిప్పింది. పదిమంది కలిసి నింపుతున్న ఒక షేర్డ్ షీట్. జిల్లాలవారీగా లెక్క తేలట్లేదు. ఫిల్టర్ తెరిస్తే కరీంనగర్ రెండుసార్లు కనిపిస్తోంది. అక్షరం అక్షరం పోల్చాం, తేడా లేదు. స్పేస్ ఉందేమోనని చూశాం, లేదు. విసుగొచ్చి పక్క గడిలో అక్షరాల లెక్క చెప్పే లెన్ ఫార్ములా వేశాను. ఒక కరీంనగర్‌కు 8 వచ్చింది, ఇంకోదానికి 9. ఆ తొమ్మిదోది కంటికి కనిపించని అక్షరం. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా ఆపడానికి మధ్యలో ఒక అదృశ్య గుర్తు వాడతాం. పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు, కొన్ని కన్వర్టర్లు ఆ గుర్తును అడక్కుండానే చేరుస్తాయి. మనిషికి రెండూ కరీంనగరే, యంత్రానికి రెండు జిల్లాలు. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనిక్యార్ 8204ను ఖాళీతో మార్చమంటే మొత్తం షీట్ నుంచి పోయింది. నిజామాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అన్నీ పొల్లుతో ముగిసేవే కదా. పట్టిక సర్దుకునేసరికి జిల్లాల సంఖ్య సగానికి తగ్గింది.

అమెరికాతో పనిచేసేవాళ్లకు ఏటా రెండుసార్లు వచ్చే జబ్బు ఒకటుంది, రెండు మాటల్లో చెప్పేస్తాను. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది. మన రాత్రి 8.30 మీటింగ్ 9.30 అవుతుంది, మార్చి రెండో ఆదివారం మళ్లీ వెనక్కొస్తుంది. క్యాలెండర్ పాడవలేదు.

ఇంతవరకు చెప్పినవాటిలో ఒక్కటీ రహస్యం కాదు. అయినా అవే ఫోన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఎందుకంటే ప్రతి ఆఫీసులోనూ ఒక కుర్రాడుంటాడు. ఏదైనా ఆగితే అతణ్ని పిలుస్తారు. అతను వస్తాడు, మౌస్ లాక్కుంటాడు, నాలుగు క్లిక్కులు చేస్తాడు, "అయిపోయింది మేడమ్" అని వెళ్లిపోతాడు. ఏం చేశాడో ఎవరికీ తెలియదు. వచ్చే నెల అదే సమస్యకు మళ్లీ అతనే. అతను ఉద్యోగం మారిన రోజున ఆఫీసు సగం మతిమరుపుకు లోనవుతుంది. ఆ కుర్రాణ్ని నేనే చాలాకాలం, కాబట్టి తిట్టే హక్కు నాకుంది. మౌస్ వాళ్ల చేతిలోనే ఉంచి, ఎక్కడ నొక్కాలో చెప్పడానికి రెట్టింపు సమయం పడుతుంది. మూడోసారి ఫోన్ రాదు.

అడిగేవాళ్ల వైపునా ఒక మాట. "పనిచేయట్లేదు" అన్నది కంప్లెయింట్ కాదు, నిట్టూర్పు. ఏం చేయబోయారు, ఏం కనిపించింది, ఎప్పటినుంచి, ఇంకెవరికైనా ఉందా, ఈ నాలుగూ ఉంటే అరగంట కాల్ ఐదు నిమిషాలవుతుంది. విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి తెరమీద వచ్చిన ఎర్ర మెసేజ్‌ను కత్తిరించి పంపితే ఇంకా మంచిది. దాన్ని మానిటర్ ముందు ఫోన్ పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో మామూలుగా పంపితే అక్షరాలు అలికేసినట్టు వస్తాయి, వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది గనుక. డాక్యుమెంట్‌గా పంపాలి.

ఇక యాంటీవైరస్ ఆపేయండి, రిజిస్ట్రీ శుభ్రం చేసే ఫలానా సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఈ ఫోల్డర్ మొత్తం తుడిచేయండి అని చెప్పే వీడియోల విషయంలో నాది కఠినమైన అభిప్రాయం. కారణం చెప్పని చిట్కా, వెనక్కి తిప్పుకోవడానికి వీల్లేని చిట్కా, ఈ రెండూ కలిసి ఉంటే ముట్టుకోవద్దంటాను. కారణం తెలియకపోయినా విండోస్ కీ, వీ నొక్కి చూస్తే నష్టం లేదు. ఒకసారి ఆన్ చేసుకుంటే ఇంతకుముందు కాపీ చేసినవి పాతికదాకా వరుసగా కనిపిస్తాయి, 2018 నుంచి అక్కడే ఉంది. అదే నమ్మకంతో ఫోల్డర్లు తుడిస్తే కుదరదు.

మా డెస్క్ మీద ఇప్పుడొక లాంగ్ నోట్‌బుక్ ఉంది. మూడు గళ్లు గీశాం: ఏమైంది, ఎక్కడ తేలింది, ఎందుకలా. ఎవరైనా రాయొచ్చు. దీన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టొచ్చు కదా అని నవ్వినవాళ్లున్నారు. నెట్ పోయిన రోజున వాళ్లే వచ్చి తిరగేశారు. మొన్న పేజీ తిప్పితే అకౌంట్స్ మేడమ్ గారి గుండ్రటి చేతిరాత కనిపించింది. "కాన్ఫరెన్స్ రూమ్‌లో నా లాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ పెట్టగానే సౌండ్ పోయింది. నాకొక్కదానికే. టీవీలోకి వెళ్లింది, టీవీ మ్యూట్‌లో ఉంది. గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ నొక్కి మళ్లీ లాప్‌టాప్‌కు మార్చాను. నిన్ను పిలవలేదు బాబూ."